జొన్నచేలో మంజుల

పోయినవారం మిమ్మల్ని ఒక రేకు డబ్బా ముందు నిలబెట్టి నా దారిన నేను వెళ్ళిపోయాను. తిట్టుకునే ఉంటారు. నేనైనా తిట్టుకునేదాన్నే. కొత్తగా వచ్చినవాళ్ళకీ, మధ్యలో మరిచిపోయినవాళ్ళకీ నాలుగు ముక్కలు చెప్పి అసలు సంగతిలోకి వెళతాను.

నేను నగ్మాని. గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్ని. మా నానమ్మ జుబేదాకి ఎనభై అయిదేళ్ళు. ఆమెకు మూడేళ్ళప్పుడు వాళ్ళమ్మ సఫూరా జ్వరం వచ్చి చనిపోయిందని మా ఇంట్లో అందరం విన్నాం. ఆ సఫూరా పెళ్ళికి ముందు, సినిమాలకింకా మాటలు రాని రోజుల్లో, మద్రాసు వెళ్ళి ఒకే ఒక్క సినిమాలో వేషం వేసింది. పేరు 'మంజులా స్వప్నం'. ప్రేమకథ. ఆ తర్వాత టాకీలు వచ్చాయి, పాట పాడలేని వాళ్ళను ఇంటికి పంపేశారు. సఫూరా కనిగిరి వచ్చి, దూది ఏకి పరుపులు కుట్టే మాబు సాహెబ్‌ను పెళ్ళి చేసుకుంది.

ఆ సినిమా ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు. సఫూరా ఫోటో కూడా ఒక్కటంటే ఒక్కటి లేదు. పాత సినిమా కాగితాలు పోగుచేసే రిటైర్డ్ లెక్చరర్ శివరామకృష్ణ గారి దగ్గర ఒక కరపత్రం మాత్రం ఉంది. అందులో బొమ్మల్లేవు. మిస్ ఫలానా, మిస్ ఫలానా అని పేర్లున్నాయి గానీ, అవి సినిమా కోసం పెట్టినవి కాబట్టి సఫూరా ఎవరో తెలియదు. ఇలా ఉండగా మొన్న మార్చిలో పొదిలి దగ్గర్నుంచి అంకమ్మరావు అనే రైతు మా స్టోరేజీకి మిర్చి బస్తాల లాట్‌తో పాటు ఒక గుండ్రటి రేకు డబ్బా తెచ్చాడు. మూత మీద, తుప్పు కింద 'మంజులా స్వప్నం' అని అక్షరాలు. మూత తీశాను. లోపల మిరప విత్తనాలు!

రీలు ఏమైందో తెలుసుకుందామని పరుగున వాళ్ళ ఊరు వెళ్ళాను. నేను సఫూరా మునిమనవరాలినని చెప్పగానే అంకమ్మరావు గారి తల్లి పున్నమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఎంత బతిమాలినా పలకలేదు. నేను లేచి వచ్చేస్తుంటే మాత్రం వెనకనుంచి ఒక్క మాట అంది. "సఫూరా గారి బిడ్డని తీసుకురా. చెప్పాల్సిందేదో ఆమెకే చెప్పుకుంటా."

సరే. కథ ఇక్కడిదాకా వచ్చింది. ఇక వినండి.

మేనెలలో మిర్చి యార్డుకు సెలవులు. మాకూ కాస్త తీరిక. ఎండలకు భయపడి పొద్దున్నే బయలుదేరదామనుకున్నాం గానీ నానమ్మ తయారయ్యేసరికి ఎనిమిదిన్నర. పోయిన పండక్కి కొన్న లేత ఆకుపచ్చ చీర కట్టింది. అత్తరు రాసుకుంది. మధ్యలో మిఠాయి కొట్టు ముందు కారు ఆపించి రెండు కిలోల మాల్‌పూరీలు కట్టించింది. పెళ్ళిచూపులకు వెళ్ళే హడావుడి!

"నానమ్మా, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఆ డబ్బాలో రీలు లేదు. ఆ మామ్మగారు ఏం చెబుతుందో ఏమో" అన్నాను స్టీరింగ్ తిప్పుతూ.

"నేనేం ఆశ పెట్టుకోలేదులే" అంది. రెండు కిలోమీటర్లు వెళ్ళాక తనే మళ్ళీ అందుకుంది. "నగ్మా, నాకు అమ్మ కల్లోకి వస్తది. చెయ్యి కనపడిద్ది. చేతికి ఆకుపచ్చ గాజులు కనపడతయ్యి. నా నెత్తిన నూనె రాస్తది. పైకి చూస్తానా, మొహం ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. ఎనభై ఏళ్ళ నుంచి అదే కల. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఆ మొహం చూసి పోవాలని ఉంది. నా బిడ్డల మొహాల్లో వెతుక్కున్నా. నీ మొహంలో వెతుక్కున్నా. ఏది అమ్మదో, ఏది కాదో నాకెట్టా తెలుస్తది?"

నేను రోడ్డు మీదే కళ్ళు పెట్టాను. మాట్లాడితే ఏడుపొచ్చేట్టుంది. హైవే మీద ఏడుస్తూ కారు నడపడం మంచిది కాదు కదా.

పొదిలి దాటి లోపలికి ఆరు కిలోమీటర్లు. వీధిలోనే ఎదురొచ్చాడు అంకమ్మరావు గారు. అరవై ఏళ్ళ మనిషి, భుజాన తుండుగుడ్డ, గట్టి గొంతు. కోల్డ్ స్టోరేజీలో నా మీద ఎన్నిసార్లు అరిచాడో లెక్కలేదు, తన లాట్ వెనక్కి నెట్టామని. ఇవాళ మాత్రం నానమ్మను చూడగానే గొంతు తగ్గించి, చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు.

"రండమ్మా. నిన్నట్నుంచీ మా అమ్మ అన్నం కూడా సరిగ్గా తినలా, మీరొస్తున్నారని" అన్నాడు.

పున్నమ్మ ఈసారి పడుకుని లేదు. నవారు మంచం మీద కాళ్ళు కిందికి పెట్టి, తెల్ల చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుంది. డెబ్బై తొమ్మిదేళ్ళు. నానమ్మను చూసి లేవబోయింది. నానమ్మ వద్దని కూర్చోబెట్టింది. మాల్‌పూరీల డబ్బా మంచం మీద పెట్టింది. ఇద్దరు ముసలమ్మలూ ఒకరినొకరు చూసుకున్నారు. పైన ఫ్యాను కిరకిరమంటోంది.

"అక్కా, ముందు నన్ను చెప్పనియ్యి. మధ్యలో ఆపితే మళ్ళీ నోరు పెగలదు" అంది పున్నమ్మ.

"చెప్పమ్మా. ఎవరూ ఆపరు" అంది నానమ్మ. అంటూ నావైపు చూసింది. నా సంగతి ఆమెకు తెలుసు.

"మీ నాయన మాబు సాహెబు ప్రతి ఏడూ పత్తి తీసినాక మా ఇంటికొచ్చేవాడంట. వారం పదిరోజులు ఈ వసారాలోనే ఉండి, దూది ఏకి, పరుపులు కుట్టిపెట్టి పోయేవాడంట. మీ అమ్మ కూడా వెంట వచ్చేది. ఒక ఏడు చంకన బిడ్డనేసుకుని వచ్చి, మా అత్తగారి చేతిలో సినిమా సామాను పెట్టింది. కంపెనీ మూసేసిననాడు తెచ్చుకున్నదంట. 'ఇంట్లో ఉంటే మా ఆయన పొయ్యిలో పెట్టేట్టున్నాడు రత్తమ్మక్కా. మీ దగ్గరుంచు. నేను రాలేకపోతే నా బిడ్డ వచ్చి అడిగిద్ది, అప్పుడియ్యి' అంది. ఆ చంకనున్న బిడ్డవి నువ్వే."

నానమ్మ ముందుకు వంగింది.

"ఆ సంగతి మా అత్తకి తెలుసు. నాకు చెప్పలా. కొత్త కోడలికి అన్నీ ఎవరు చెబుతారు? నేను కాపరానికొచ్చిన రెండో ఏడు, అంకమ్మరావు కడుపులో ఉన్నాడు. ఏడో నెల. ఆ ఏడు జొన్న ఇరగ్గాసింది. గింజ పాలు పట్టే టయానికి పిట్టలు దండులు దండులుగా దిగినయ్యి. తెల్లారకముందే మంచె ఎక్కాలి. పొద్దుగూకిందాకా డబ్బా కొట్టాలి, అరవాలి, ఒడిసెల తిప్పి రాళ్ళు విసరాలి. ఆ కడుపేసుకుని మంచె ఎక్కలేను, ఎక్కితే దిగలేను. ఒకరోజు కాలు జారి సగంలో పడబోయా. ఎవరికి చెప్పను? చెబితే పని ఎగ్గొట్టడానికి సాకులంటారు."

పున్నమ్మ చెంబెత్తి రెండు గుటకలు తాగింది.

"విత్తనం పోద్దామని డబ్బా వెతుకుతుంటే, గదిలో మూలన ఇది దొరికింది. తీశా. లోపల నల్ల రిబ్బన్ను చుట్ట. కొస పట్టుకుని వాకిట్లోకి లాగా. గాలికి జుమ్మని ఒకటే మోత. ఎండకి తళతళ. ఇంకేముంది అక్కా, చేను చుట్టూ నాలుగు పక్కలా గుంజలు పాతి, బారుగా కట్టేశా. ఒక్క పిట్ట వాలితే ఒట్టు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది. ఎవరూ ఆపరన్న నానమ్మ మాట గాలికి పోయింది.

"కట్టేశారా? సినిమాని తీసుకెళ్ళి పిట్టలకి కట్టేశారా? ఒకళ్ళు నమ్మి దాచమని ఇచ్చిన సామాను అని తెలియకపోతే, ఇదేంటి అని ఒక్క మాట అడగాలని కూడా తోచలేదా మామ్మగారూ? విత్తనాలు పోసుకోవడానికి డబ్బా దొరికింది, పిట్టలు తోలుకోవడానికి మా ముత్తమ్మ దొరికిందా మీకు? మీ ఇంట్లో మనిషి ఫోటో అయితే అలాగే చేలో గుంజకి కడతారా?"

"మేడం..." అంటూ అంకమ్మరావు గారు ఏదో చెప్పబోయి నీళ్ళు నమిలాడు.

"అమ్మాయిని అననియ్యరా. అనాల్సిందే" అంది పున్నమ్మ. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. "అదీ చాల్లేదు తల్లీ. పది రోజులకి మా ఆయన గట్టు మీద చుట్ట కాలుస్తా, ఇదేందోనని రిబ్బన్ను పట్టుకు చూశాడు. నిప్పు తగిలిందో లేదో భగ్గుమంది. చేను చుట్టూ పరిగెత్తింది మంట. నీళ్ళు పోస్తే ఆరలా. మన్నేస్తే ఆరలా. గుంజలతో సహా బూడిదైపోయింది. అప్పుడొచ్చింది మా అత్త. చూసి, గట్టు మీద కూలబడి, నెత్తీ నోరూ కొట్టుకుంది. 'ఆ సాయిబులమ్మాయి ప్రాణం పెట్టి దాచుకుంది గదే, రేపు ఆ బిడ్డ వస్తే నేనేం చెప్పనే' అంది. అప్పుడు తెలిసింది నాకు, నేనేం పని చేశానో. అరవై ఏళ్ళక్కా. ఎవరన్నా గుమ్మంలోకొచ్చి నిలబడితే, ఆ బిడ్డేమోనని గుండె ఝల్లుమనేది. మొన్నామధ్య ఈ అమ్మాయొచ్చింది. మొహం చూపించలేక గోడకి తిరిగా. నువ్వు కొట్టు, తిట్టు, ఏమన్నా చెయ్యి."

నేను మళ్ళీ నోరు తెరిచాను. ఏమనేదాన్నో ఏమో, నానమ్మ అననివ్వలేదు.

"నగ్మా! నోరు ముయ్యి. పెద్ద మనిషితో మాట్లాడే తీరు ఇదేనా?"

చచ్చినట్టు నోరు మూసుకున్నాను. నానమ్మ కుర్చీలోంచి లేచింది. మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో నా చెయ్యి లేకుండా లేవని మనిషి, తనంతట తనే లేచి, రెండడుగులు వేసి, మంచం మీద పున్నమ్మ పక్కన కూర్చుంది. ఆమె చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

"బిడ్డ బాగా పుట్టాడా?" అని అడిగింది.

పున్నమ్మకు అర్థం కాలేదు. "ఏ బిడ్డక్కా?"

"అప్పుడు కడుపులో ఉన్నోడు."

"ఇడుగో, ఈడేగా!" అంటూ అరవై ఏళ్ళ అంకమ్మరావును చూపించింది. ఆయన సిగ్గుపడి తుండుగుడ్డ సర్దుకున్నాడు.

"అయితే మరి ఏడుపెందుకు? నువ్వు మంచె మీద నుంచి పడకుండా మా అమ్మ నీ చేను కాసింది. పది రోజులు కాసింది గదా? నీ బిడ్డ బతికాడు. వాడే ఆ డబ్బా తెచ్చి నా మనవరాలి చేతిలో పెట్టాడు. నువ్వు ఆ డబ్బాని పాత సామానోడికి ఏసి ఉంటే నేనీడికి వచ్చేదాన్నా? మా నాయన ఇంట్లో ఉంటే ఎప్పుడో పొయ్యిలో పోయేది. మీ అత్త దాచింది. నువ్వు తెలిసో తెలియకో వాడుకున్నావు. ఎవరో కూడా ఎరగని నన్ను అరవై ఏళ్ళు మనసులో పెట్టుకుని ఎదురుచూశావు. నా కోసం ఇంతకాలం ఎదురుచూసిన మనిషి ఇంకొకరు లేరు పున్నమ్మా. నీకు దణ్ణం పెడతా, ఏడవమాకు."

అలా అంటూ నిజంగానే దణ్ణం పెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. నేను లేచి పున్నమ్మ మామ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, "క్షమించండి మామ్మగారూ, నోరు జారాను" అన్నాను. ఆమె నా బుగ్గ మీద చిన్నగా ఒకటి కొట్టింది.

"నోరు మాత్రం గట్టిదేరా నీది. మా వాడు చెబుతానే ఉంటాడు, ఆ సూపర్‌వైజర్ పిల్ల మా గొప్ప గయ్యాళి అని."

"అమ్మా!" అన్నాడు అంకమ్మరావు గారు. అందరం నవ్వాం. ఆ నవ్వుతో ఇల్లు తేలికపడింది. అన్నం పెడతాం లెమ్మన్నాడు ఆయన. నేను కూడా మనసులో సర్దుకున్నాను. ఇక రీలు లేదు. బూడిదైపోయింది. నానమ్మకు ఆ మొహం చూసే రాత లేదు. అయినా ఇంతదూరం వచ్చినందుకు ఒక మంచి మనిషి దొరికింది, చాలు అనుకున్నాను.

కానీ పున్నమ్మ లేవలేదు. నానమ్మ చెయ్యి వదల్లేదు. "అక్కా, ఇంకొకటుంది. ఇది మా అత్తకి కూడా చెప్పలా, భయమేసి" అంది.

కొడుకును పిలిచి ట్రంకు పెట్టె తెరిపించింది. అందులోంచి తన పెళ్ళిచీర తీయించింది. మడతలు విప్పితే నడుమ చిన్న గుడ్డ మూట. మూటలో చుట్టుకుపోయి, పసుపు రంగుకు తిరిగిన ఫిల్ము ముక్క. సాగదీస్తే మూరెడు ఉంటుందేమో.

"చేలో కట్టేటప్పుడు కొస మిగిలితే కత్తిరించా. ఎండకేసి చూస్తే లోపల చిన్ని చిన్ని ఆడపిల్లల బొమ్మలు. ముద్దుగా ఉన్నాయని దాచుకున్నా. నేను చేలో కట్టినదాంట్లో ఇదొక్కటే మిగిలింది."

శివరామకృష్ణ గారికి ఫోన్ చేశాను. సంగతి వినగానే ఆయన గబగబా అందుకున్నారు. "నగ్మా, ముందు ఆ ఇంట్లో పొయ్యి ఆర్పించు. దేవుడి దగ్గర దీపం ఉంటే అది కూడా. లాగొద్దు, సాపు చెయ్యొద్దు, తడిగుడ్డ పెట్టొద్దు. అంచులు మాత్రమే పట్టుకో. వెనక తెల్లగుడ్డ పెట్టి, వెలుతుర్లో ఫోన్‌తో ఫోటోలు తియ్యి. తీసి నాకు పంపు. అమ్మా, జాగ్రత్తమ్మా." ఆయన నలభై ఏళ్ళుగా ఒక కరపత్రాన్ని పట్టుకుని ఈ సినిమా కోసం తిరిగిన మనిషి.

వంటింట్లో గ్యాసు కట్టేశారు. అంకమ్మరావు గారు ఉతికిన పంచె తెచ్చి కిటికీకి అడ్డంగా పట్టుకున్నాడు. ఎండ ఆ పంచెలోంచి తెల్లగా దిగుతోంది. నేను ఫిల్ము ముక్కను వేలి కొసల మధ్య ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ఫోటోలు తీశాను. ఊపిరి కూడా గట్టిగా వదల్లేదు. ఎనిమిది ఫోటోలు. అందులో నాలుగు మసక. ఒకటి మాత్రం స్పష్టంగా వచ్చింది. ఫిల్మును మళ్ళీ గుడ్డలో పెట్టి, ఫోన్ తీసుకుని నానమ్మ పక్కన కూర్చున్నాను. వేళ్ళతో పెద్దది చేశాను.

ఇద్దరు ఆడపిల్లలు. ముందు ఒకమ్మాయి పీట మీద కూర్చుని ఉత్తరం రాస్తోంది. మెడనిండా నగలు, పెద్ద కళ్ళు, నుదుట తిలకం. మంజుల ఆమే అయి ఉండాలి. వెనక ఇంకొకమ్మాయి, చెలికత్తె కాబోలు, చంకన బిందె పెట్టుకుని, ఉత్తరంలోకి తొంగిచూస్తూ నోరారా నవ్వుతోంది.

నానమ్మ కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుంది. మళ్ళీ తీసి తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది. ఫోన్ మీద వేలు పెట్టింది, నగల అమ్మాయి చెంప మీద.

"అమ్మా" అంది.

అంతే. ఎనభై అయిదేళ్ళ మనిషి చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు, పంచె పట్టుకుని నిలబడ్డ అంకమ్మరావు గారు ఆ పంచెతోనే కళ్ళు తుడుచుకున్నాడు. "ఎంత అందంగా ఉందో చూడవే. ఎంత పెద్ద కళ్ళో చూడు. యా అల్లా, నీకు శుక్రియా. ఇక నాకేం అక్కర్లేదు" అంటోంది నానమ్మ.

ఒక్క పున్నమ్మ మామ్మ మాత్రం ఏడవడం లేదు. ఫోన్‌కేసి వంగి చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఆమె కాదక్కా. మీ అమ్మ ఆ వెనకావిడ. బిందె పట్టుకున్నావిడ."

నాకు మళ్ళీ చిర్రెత్తింది. ఇప్పుడే కదా క్షమించమని అడిగాను, నాలుక కరుచుకుని మెల్లగా అన్నాను. "మామ్మగారూ, మీరు ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి మా ముత్తమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది. మీరు ఆమెను చూసే అవకాశమే లేదు. నానమ్మ ఇప్పుడిప్పుడే..."

"నేను మీ ముత్తమ్మని చూశానన్లేదే" అంది పున్నమ్మ. "ఈ నవ్వు చూశా. ఈ ముక్కు, నవ్వితే ఎడమ పక్క పడే ఈ సొట్ట, అచ్చు గుద్దినట్టు ఇదే." నానమ్మ వైపు తిరిగింది, ఆశ్చర్యంగా. "అదేందక్కా, మీ తమ్ముడి మొహం ఇదే గదా. నీకు తెలవడంలా?"

నానమ్మ ఫోన్ మీంచి తలెత్తింది.

"నాకు తమ్ముడేంది?" అంది నానమ్మ.

పున్నమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు తల్లి వైపు చూశాడు.

"అదేనమ్మా, పొన్నూరు హయాత్ గారు" అన్నాడు అంకమ్మరావు గారు, తడబడుతూ. "నా పెళ్ళయిన ఏడు వచ్చాడు. 'మా అమ్మ పేరు సఫూరా, మీ దగ్గర సామాను దాచిందంట' అన్నాడు. అసలు డబ్బాలు రెండమ్మా. ఒకటి చేలో పోయింది గానీ, రెండోది మా నాయనమ్మ అటక మీద పెట్టి ఉంచింది. ఆయనకిచ్చేసింది. అప్పుడే చెప్పాడు, తనకో అక్క ఉందని, వెతుకుతున్నానని. కనిగిరిలో మీరుండే ఇల్లు ఖాళీ చేసి ఎటు పోయారో ఎవరూ చెప్పలేకపోయారంట. అప్పట్నుంచీ ప్రతి పండక్కీ సేమ్యా పంపిస్తాడు, ఫోన్ చేస్తాడు. చేసినప్పుడల్లా అడుగుతాడు. మొన్న మేడం గారు సఫూరా గారి పేరు చెప్పగానే, ఆఖరికి ఆయన మిమ్మల్ని కనుక్కునే ఉంటాడు, అన్నీ తెలిసే వచ్చారు అనుకున్నాం."

"ఎన్నేళ్ళుంటాయండీ ఆయనకి?" నేనే అడిగాను.

"నాకంటే ఒక ఏడు పెద్ద" అంది పున్నమ్మ. "ఎనభై."

నానమ్మ చదువుకోలేదు. కానీ ఆ లెక్క నాకంటే ముందు వేసేసింది.

"నాకు మూడేళ్ళప్పుడు పోయిన మనిషి, నాకు అయిదేళ్ళప్పుడు బిడ్డనెట్టా కనిద్దే నగ్మా?"

మా ముత్తాత మాబు సాహెబ్ బతికున్నన్నాళ్ళూ భార్య సమాధి ఎక్కడుందో కూతురికి ఎందుకు చూపించలేదో, ఎన్నిసార్లు అడిగినా "కనిగిరిలో" అని ఊరుకున్నాడెందుకో, ఇప్పుడు తెలుస్తోంది. నాకు ఆయన మీద పట్టలేనంత కోపం వచ్చింది. నానమ్మ మొహంలో ఆ కోపం ఎక్కడా లేదు. ఆమె ఫోన్‌లో బిందె పట్టుకుని నవ్వుతున్న అమ్మాయిని చూస్తోంది. చూపుడు వేలితో ఆ ఎడమ బుగ్గ సొట్టను తడిమింది.

"చావలేదా అమ్మ" అంది మెల్లగా. "బతికే ఉందా. పోన్లే. బతికింది. నవ్వుతా బతికిందేమో. అల్లా మేలు చేశాడు." ఆ తర్వాత అంకమ్మరావు వైపు చెయ్యి చాచింది. "నాయనా, ఆ అబ్బాయికి ఫోన్ చెయ్యి."

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, నంబరు వెతికి నొక్కాడు. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి, నానమ్మ చేతిలో పెట్టాడు. రింగు పోతోంది. మూడు, నాలుగు, అయిదు. పున్నమ్మ నానమ్మ చేతి కింద తన చెయ్యి ఆనించింది.

అవతల ఎత్తారు. దగ్గు. తర్వాత ముసలి గొంతు, నిదానంగా, ఏ ఆశా లేకుండా, అలవాటుగా అడిగే మాటలా అడిగింది.

"అంకమ్మరావా? ఏం బాబూ, మా అక్క గానీ వచ్చిందా?"